డౌన్ మార్కెట్‌లో కాలిన్ కౌంటీలో ఇల్లు కొనడం ఎలా: లెక్కల దగ్గర్నుంచి తాళాల దాకా

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, ఆలెన్, మెకిన్నీ, ప్రాస్పర్, సెలైనా, యానా, ప్రిన్స్‌టన్ వైపు ఇల్లు చూస్తున్న మనవాళ్ళు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు, మార్కెట్ పడింది కదా, ఇప్పుడు కొనాలంటే ఏది ముందు చెయ్యాలి ఏది తర్వాత చెయ్యాలి అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం వరసగా ఇక్కడ రాసేస్తున్నా.

2021లో ఇన్‌స్పెక్షన్ కూడా వదులుకుని, అడిగిన ధర మీద ఇంకా పైకేసి మరీ కొన్నారు జనం. ఇప్పుడు ఇళ్ళు వారాలు, నెలలు అమ్ముడుపోకుండా కూర్చుంటున్నాయి, బిల్డర్ల సేల్స్ వాళ్ళే ఫోన్ చేసి ఆఫర్లు చెప్తున్నారు. అంటే కొనేవాళ్ళకి టైం దొరికింది, షరతులు పెట్టే చనువు దొరికింది. ఈ రెండూ వాడుకోకుండా "ధర తగ్గింది" అన్న ఒక్క మాట మీద సంతకం పెట్టేస్తే డౌన్ మార్కెట్‌లో కొని కూడా ఏం మిగలదు. నెలనెలా ఎంత పోతుంది, ఉద్యోగం పోతే ఎన్నాళ్ళు కట్టగలం, ఈ రెండు లెక్కలు తేలాకే ఇంటి ధర గురించి ఆలోచించండి.

1. ముందు తేల్చుకోవాల్సింది: అసలు కొనాలా

మార్కెట్ ఇంకా పడుతుందా ఇక్కడితో ఆగుతుందా అన్నది ఎవరూ చెప్పలేరు, చెప్పేవాళ్ళని నమ్మొద్దు. మీరు తేల్చుకోగలిగింది మీరు ఎన్నేళ్ళు ఆ ఇంట్లో ఉంటారు అన్నది. అమ్మేటప్పుడు ఏజెంట్ల కమీషన్, టైటిల్ (యాజమాన్య హక్కు కాగితాల) ఖర్చులు, చిన్నాచితకా రిపేర్లు కలిపి ధరలో 6 నుంచి 8 శాతం దాకా పోవచ్చు. రెండు మూడేళ్ళలో ఇండియా వెళ్ళిపోయే ఆలోచన ఉంటే, ఇంకో రాష్ట్రం మారే అవకాశం ఉంటే అద్దెకే ఉండండి. కనీసం ఏడేళ్ళు అనుకున్నవాళ్ళకే ఈ గైడ్.

హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఇంకో మెట్టు ఎక్కువ ఆలోచించాలి. ఉద్యోగం పోతే 60 రోజుల గ్రేస్ పీరియడ్, అంతే. ఆ 60 రోజుల్లో ఇల్లు అమ్మడం డౌన్ మార్కెట్‌లో దాదాపు కుదరదు. అందుకే డౌన్ పేమెంట్, క్లోజింగ్ (ఇల్లు మీ పేరు మీదికి మారేటప్పటి) ఖర్చులు పోను కనీసం 8 నుంచి 12 నెలల పూర్తి పేమెంట్ బ్యాంకులో ఉండాలి. దీంట్లో 401కే (రిటైర్మెంట్ ఖాతా) డబ్బు కలపొద్దు.

సంతకాల దాకా వెళ్ళేముందు ఇవి చూస్కోండి:

- ఏడేళ్ళు ఇక్కడే ఉంటామని ఇద్దరూ ఒప్పుకున్నారా
- ఒక్కరి జీతం మీద పేమెంట్ కట్టగలరా, కనీసం ఏడాది పాటు
- ఇల్లు అద్దెకిస్తే ఎంత వస్తుంది, పేమెంట్‌కి ఎంత తక్కువ పడుతుంది (ఆ కమ్యూనిటీలో ఇప్పుడు నడుస్తున్న అద్దెలు చూడండి, ఊహించుకోవద్దు)
- కమ్యూనిటీలో హెచ్ఓఏ (ఇళ్ళ ఓనర్ల సంఘం, నెలనెలా ఫీజు తీసుకుంటుంది) అద్దెకి ఇవ్వనిస్తుందా, కొన్ని కమ్యూనిటీల్లో పరిమితులున్నాయి

2. నెల పేమెంట్ మొత్తం లెక్క

టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కం టాక్స్ లేదు, దానికి బదులు ప్రాపర్టీ టాక్స్ గట్టిగా వేస్తారు. న్యూజెర్సీ సంగతి పక్కనపెడితే, కాలిఫోర్నియా లాంటి చోట్ల నుంచి మారినవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే వాళ్ళు లోన్ కాలిక్యులేటర్‌లో వచ్చిన నంబరే చూస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇల్లు 5,00,000 డాలర్లు, 20 శాతం డౌన్, లోన్ 4,00,000, రేటు 6.5 శాతం, 30 ఏళ్ళు అనుకోండి. అసలు, వడ్డీ కలిపి నెలకి 2,528 డాలర్లు. టాక్స్ రేటు 2.2 శాతం అయితే ఏడాదికి 11,000, అంటే నెలకి 917. ఇన్సూరెన్స్ ఏడాదికి 4,000 అనుకుంటే నెలకి 333. హెచ్ఓఏ ఒక 80. మొత్తం 3,858. కాలిక్యులేటర్ చూపించింది 2,528, చేతిలోంచి పోయేది 3,858.

ఇప్పుడు అదే ధరకి, అదే సైజు ఇల్లు టాక్స్ రేటు 1.7 శాతం ఉన్న చోట దొరికిందనుకోండి. ఏడాదికి 2,500 తగ్గింది, నెలకి 208. 6.5 శాతం రేటు మీద నెలకి 208 అంటే సుమారు 33,000 డాలర్ల లోన్‌తో సమానం. ఇందుకే "అక్కడ 25 వేలు తక్కువకి వస్తోంది" అని దూరంగా టాక్స్ ఎక్కువున్న చోటికి పరిగెత్తేవాళ్ళు నిజానికి ఎక్కువే కడుతున్నారు. లోన్ ఏదో ఒకరోజు తీరుతుంది, రేటు తగ్గితే రీఫైనాన్స్ చేస్కోవచ్చు, టాక్స్‌కి అలాంటి దారేం లేదు.

ప్రతి ఇంటికి ఒక లైను చొప్పున స్ప్రెడ్‌షీట్ పెట్టుకోండి: ధర, టాక్స్ రేటు, పిడ్ వాయిదా (కొన్ని కమ్యూనిటీల్లో ప్లాట్ మీద ఏటా కట్టేది, 4లో వివరంగా చెప్తా), ఇన్సూరెన్స్ కోట్, హెచ్ఓఏ, టోల్ ఖర్చు. టోల్ ఎందుకంటే సెలైనా, ప్రాస్పర్ నుంచి డాలస్ నార్త్ టోల్‌వే, శామ్ రేబర్న్ టోల్‌వే మీద రోజూ ప్లేనో, ఇర్వింగ్ వెళ్ళొస్తే అదీ నెల బడ్జెట్‌లో ఒక లైను అవుతుంది.

3. లోన్, డబ్బు సిద్ధం చేస్కోవడం

ముందుగా వీసా వాళ్ళకి ఒక మాట. 2025 మే 25 నుంచి హెచ్1బీ లాంటి నాన్ పర్మనెంట్ రెసిడెంట్లకి ఎఫ్‌హెచ్‌ఏ లోన్ (ప్రభుత్వ హామీతో తక్కువ డౌన్‌కి వచ్చే లోన్) ఇవ్వట్లేదు. పాత వీడియోలు చూసి 3.5 శాతం డౌన్‌తో ఎఫ్‌హెచ్‌ఏ తీసుకుందాం అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. కన్వెన్షనల్ లోన్ (ప్రభుత్వ హామీ లేని మామూలు లోన్) మాత్రం వీసా మీద ఉన్నా వస్తుంది. 2026లో కన్‌ఫార్మింగ్ లోన్ పరిమితి 8,32,750 డాలర్లు, దాని లోపల ఉంటే జంబో లోన్ (ఆ పరిమితి దాటిన పెద్ద లోన్) తలనొప్పి ఉండదు.

లోన్ ఎస్టిమేట్లు కనీసం ముగ్గురి దగ్గర, వీలైతే ఒకే రోజు తీసుకోండి, ఎందుకంటే రేట్లు రోజూ మారతాయి, సోమవారం ఒకరిది శుక్రవారం ఇంకొకరిది పోలిస్తే అర్థం లేదు. క్రెడిట్ చెక్కులు దగ్గర దగ్గరగా, రెండు వారాల్లోపు అయిపోతే స్కోరు మీద ఒక్కటిగానే లెక్క, భయపడక్కర్లేదు. పోల్చేటప్పుడు రేటు ఒక్కటే చూడకుండా పాయింట్లు (రేటు తగ్గించుకోవడానికి ముందే కట్టే డబ్బు) ఎంత, ఒరిజినేషన్ ఫీజు ఎంత అన్నది పక్కపక్కన పెట్టండి.

ఇండియా నుంచి డబ్బు తెప్పించేవాళ్ళు ఈ పని ఇల్లు చూడ్డానికి కనీసం మూడు నెలల ముందే మొదలుపెట్టండి. అమ్మానాన్నలు ఎల్‌ఆర్‌ఎస్ (ఇండియా నుంచి విదేశాలకి డబ్బు పంపే స్కీం) కింద ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు టాక్స్) పట్టుకుంటుంది, అది వాళ్ళ ఐటీ రిటర్న్‌లో తిరిగొస్తుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కుపోతుంది. కాబట్టి పంపాల్సిన దానికంటే చేతిలో ఎక్కువ ఉండాలి. మార్చి, ఏప్రిల్ మధ్య రెండు ఆర్థిక సంవత్సరాల్లో విడగొట్టి పంపడం చాలామంది చేసే పద్ధతి.

మీ సొంత ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఎన్‌ఆర్‌ఐలకి ఇండియా ఆదాయం వేసుకునే ఖాతా) నుంచైతే ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు తెచ్చుకోవచ్చు, సీఏ సర్టిఫికెట్ కావాలి, ఊళ్ళో స్థలం అమ్మిన డబ్బైతే ఆ కాగితాలన్నీ ఉండాలి.

అమెరికా వైపు చెయ్యాల్సినవి:

- గిఫ్ట్ లెటర్, పంపినవాళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్, ట్రాన్స్‌ఫర్ రసీదు ఒకే ఫోల్డర్‌లో పెట్టండి
- డబ్బు ఇక్కడి బ్యాంకులో 60 రోజులు పైబడి ఉంటే లెండర్ ప్రశ్నలు బాగా తగ్గుతాయి
- ఒక ఏడాదిలో విదేశాల నుంచి వచ్చిన గిఫ్ట్ లక్ష డాలర్లు దాటితే ఐఆర్ఎస్‌కి ఫారం 3520 వెయ్యాలి, దాని మీద టాక్స్ పడదు కానీ ఫారం వెయ్యకపోతే పెనాల్టీ పెద్దది
- ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల రిపోర్ట్) ఎలాగూ వెయ్యాలి
- ప్రీ అప్రూవల్ వచ్చాక కొత్త కారు లోన్, కొత్త క్రెడిట్ కార్డు, ఉద్యోగం మార్పు ఏదీ వద్దు

4. ఏరియా ఎంచుకోవడం: సిటీ పేరు చూసి మోసపోవద్దు

సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, కౌంటీ, ఇవి మూడూ వేర్వేరు గీతలు. ఫ్రిస్కో కొంత కాలిన్‌లో ఉంది కొంత డెంటన్ కౌంటీలో ఉంది. మెకిన్నీ అడ్రస్ ఉన్న ఇల్లు ఫ్రిస్కో ఐఎస్‌డీలో (ఐఎస్‌డీ అంటే స్కూల్ డిస్ట్రిక్ట్) ఉండొచ్చు, ప్రాస్పర్ ఐఎస్‌డీలోనూ ఉండొచ్చు. లిస్టింగ్‌లో రాసింది నమ్మకుండా స్కూల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో అడ్రస్ కొట్టి మీరే చూడండి.

ఇంకోటి, స్కూలు ఇవాళ ఉంది కదా అని పదేళ్ళు ఉంటుందని లేదు. పిల్లల సంఖ్య తగ్గిందని ప్లేనో ఐఎస్‌డీ 2024లో నాలుగు స్కూళ్ళు మూసేయాలని నిర్ణయించి 2024-25 చివర్లో మూసేసింది, ఫ్రిస్కో ఐఎస్‌డీ స్టేలీ మిడిల్ స్కూల్ మూసేసింది. పాత ఏరియాల్లో మూతలు, కొత్త ఏరియాల్లో ఏటా జోనింగ్ మార్పులు. ఒక్క స్కూలు కోసం ఎక్కువ పెట్టి కొనేముందు డిస్ట్రిక్ట్ బోర్డు మీటింగుల్లో ఆ స్కూలు పేరు వస్తోందేమో వెతకండి.

ఇక మడ్, పిడ్. ఈ రెండూ అర్థం చేసుకోకుండా కొత్త కమ్యూనిటీలో కాలు పెట్టొద్దు.

మడ్ (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) టాక్స్ అంటే ఎక్కువగా సిటీ పరిధి బయట నీళ్ళు, డ్రైనేజీ, రోడ్ల కోసం ఆ డిస్ట్రిక్ట్ తెచ్చిన అప్పు తీర్చడానికి వేసే టాక్స్, మీ ఇంటి విలువ మీద శాతంగా పడుతుంది. ఇళ్ళన్నీ కట్టేశాక అప్పు ఎక్కువమంది మీద పడి రేటు తగ్గుతూ రావాలి. కానీ మార్కెట్ పడినప్పుడు కట్టడం నెమ్మదిస్తుంది, ఖాళీ ప్లాట్లు ఖాళీగానే ఉంటాయి, ఆ భారం ముందొచ్చినవాళ్ళ మీదే ఎక్కువకాలం ఉంటుంది. సేల్స్ ఆఫీసులో "మూడేళ్ళలో తగ్గిపోద్ది" అంటే దాన్ని లెక్కలో వేస్కోవద్దు.

పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) సాధారణంగా అలాంటి పనుల ఖర్చుకే మీ ప్లాట్ మీద ఇంత అని ముందే తేల్చిన మొత్తం, ఏటా వాయిదాల్లో కట్టాలి. సెలైనా, యానా, ప్రిన్స్‌టన్ వైపు కమ్యూనిటీల్లో తరచూ కనిపిస్తుంది. దీన్ని ఒకేసారి కట్టేసి తీర్చుకునే వీలు ఎక్కువ చోట్ల ఉంటుంది, కాబట్టి పే ఆఫ్ మొత్తం ఎంతో అడిగి, దాన్ని ఇంటి ధరకి కలిపి చూడండి. పిడ్ మిగులు 40 వేలు ఉన్న 4,50,000 డాలర్ల ఇల్లు అంటే 4,90,000 ఇల్లే. బేరంలో ఆ పిడ్ బిల్డర్‌నే తీర్చమని అడగండి, డౌన్ మార్కెట్‌లో అడగడానికి మొహమాటం ఏం లేదు.

టెక్సస్ చట్టం ప్రకారం మడ్, పిడ్ ఉన్నాయని రాతపూర్వకంగా కాంట్రాక్ట్‌కి ముందే మీకు నోటీసు ఇవ్వాలి. చదవకుండా సంతకం పెట్టే కాగితాల్లో అదే మొదటిది అవుతోంది.

వేగంగా పెరిగే ఊళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది. 2023-24లో అమెరికా మొత్తంలో శాతం ప్రకారం అన్నిటికంటే వేగంగా పెరిగిన సిటీ ప్రిన్స్‌టన్, అదే ఊరు 2024 సెప్టెంబర్‌లో నీళ్ళు, రోడ్లు, పోలీసు సరిపోవట్లేదని కొత్త రెసిడెన్షియల్ డెవలప్‌మెంట్‌ని తాత్కాలికంగా ఆపేసింది. ఇల్లు చూడ్డానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి 380 హైవే ఖాళీగా ఉందనుకోవద్దు, మంగళవారం పొద్దున ఏడున్నరకి వెళ్ళండి.

5. కొత్త ఇల్లా, రీసేలా

మనవాళ్ళలో ఎక్కువమంది కొత్త ఇల్లే అంటారు, నాకు అర్థమవుతుంది. కానీ ఈ మార్కెట్‌లో రెండూ చూడాల్సిందే, ఎందుకంటే బేరం రెండు చోట్లా వేరేలా నడుస్తుంది.

బిల్డర్ ధర తగ్గించడానికి ఇష్టపడడు. తగ్గిస్తే ఆ ధర పక్క ఇంటి అప్రైజల్‌లో (లెండర్ కోసం ఇంటి విలువ కట్టే రిపోర్ట్) కనిపిస్తుంది, పోయిన నెల కొన్నవాళ్ళు గొడవ చేస్తారు. అందుకని రేటు బైడౌన్ (బిల్డర్ డబ్బు కట్టి మీ వడ్డీ రేటు దించడం), క్లోజింగ్ ఖర్చులు, బ్లైండ్స్, ఫ్రిజ్, ఇలా ఇస్తాడు. వీటికి విలువ కట్టడం నేర్చుకోండి.

పై ఉదాహరణలోని 4,00,000 లోన్, 6.5 శాతం రేటే తీసుకుందాం. 2-1 బైడౌన్ అంటే మొదటి ఏడాది 4.5 శాతం, రెండో ఏడాది 5.5, మూడో ఏడాది నుంచి 6.5. మొదటి ఏడాది నెలకి 501 ఆదా, రెండో ఏడాది 257. మొత్తం కలిపితే సుమారు 9,100 డాలర్లు, అంతకు మించి విలువ లేదు. అదే రేటుని 30 ఏళ్ళకీ 5.5కి దించితే నెలకి 257 చొప్పున నడుస్తూనే ఉంటుంది, అది సుమారు 40,000 డాలర్ల లోన్ తగ్గడంతో సమానం. సేల్స్ ఆఫీసులో రెండిటినీ "రేటు బైడౌన్" అనే చెప్తారు. పర్మనెంటా, టెంపరరీనా అని అడిగి రాతలో తీసుకోండి.

ఇన్సెంటివ్‌కి ఒక పరిమితి కూడా ఉంది. సొంతంగా ఉండే ఇంటికి కన్వెన్షనల్ లోన్‌లో డౌన్ పేమెంట్ 10 శాతం లోపైతే అమ్మేవాడు ఇచ్చేది ధరలో 3 శాతం దాటకూడదు, 10 నుంచి 25 శాతం లోపు డౌన్ అయితే 6 శాతం, 25 శాతం ఆపైన అయితే 9 శాతం. 5 శాతం డౌన్ పెట్టి 30 వేల ఇన్సెంటివ్ వస్తుందని ఆశపడితే మొత్తం వాడుకోలేరు.

బిల్డర్ చెప్పిన లెండర్‌ని వాడితేనే ఇన్సెంటివ్ అంటారు. ఫర్లేదు, కానీ బయట లెండర్ లోన్ ఎస్టిమేట్ పక్కన పెట్టుకుని ఏడేళ్ళకి మొత్తం ఎంత పోతుందో లెక్కేయండి. కొన్నిసార్లు బిల్డర్ లెండరే నిజంగా చవక, కొన్నిసార్లు ఇన్సెంటివ్‌లో సగం ఫీజుల్లో వెనక్కి లాగేసుకుంటారు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కువమంది ఆలోచించనిది ఇది. పెద్ద కమ్యూనిటీలో మొదటి ఫేజ్‌లో కొంటే, ఇంకా మిగిలిన ఫేజ్‌లన్నీ అయ్యేదాకా మీ బిల్డరే మీకు పోటీ. నాలుగేళ్ళ తర్వాత అమ్మాలంటే మీది పాత ఇల్లు, రోడ్డు అవతల అదే బిల్డర్ కొత్త ఇల్లు, పైగా తక్కువ రేటు లోన్‌తో. ఎవరు మీది కొంటారు? అందుకే కొత్తదే కావాలంటే దాదాపు పూర్తయిపోయిన కమ్యూనిటీలో చివరి ఇళ్ళు చూడండి. అక్కడ కట్టేసి అమ్ముడుపోకుండా ఉన్న ఇన్వెంటరీ ఇళ్ళ మీద క్వార్టర్ చివర్లో, ముఖ్యంగా ఆ బిల్డర్ ఆర్థిక సంవత్సరం చివర్లో, బేరం బాగా కుదురుతుంది.

తూర్పు ముఖం సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ కౌంటీలో ఈస్ట్ ఫేసింగ్ ప్లాట్లకి బిల్డర్లు విడిగా ప్రీమియం వేస్తున్నారు, మనవాళ్ళు కొంటారని వాళ్ళకీ తెలుసు. వాస్తు మీకు ముఖ్యమైతే తప్పకుండా చూస్కోండి, కానీ ఆ లాట్ ప్రీమియం పూర్తిగా ఎత్తేయమని అడగండి. వాస్తు పట్టింపు లేనివాళ్ళకి వెస్ట్, సౌత్ ఫేసింగ్ ఇళ్ళు ఇంకా చవకగా వస్తాయి, కానీ అమ్మేటప్పుడు కొనేవాళ్ళు కూడా ఎక్కువగా మనవాళ్ళే ఉండే కమ్యూనిటీ అయితే ఆ డిస్కౌంట్ మీరు కూడా ఇవ్వాల్సొస్తుంది.

బిల్డర్ దగ్గరికి వెళ్ళేముందు:

- మొదటిసారి మోడల్ హోంకి వెళ్ళినప్పుడే మీ ఏజెంట్ పేరు నమోదు చెయ్యాలి, తర్వాత చాలామంది బిల్డర్లు ఒప్పుకోరు
- టెక్సస్‌లో ఏజెంట్ కమీషన్‌లో కొంత కొనేవాళ్ళకి రిబేట్ ఇవ్వొచ్చు, అది లెండర్‌కి చెప్పి క్లోజింగ్ కాగితాల్లో చూపించాలి
- బిల్డర్ కాంట్రాక్ట్ స్టేట్ వాళ్ళ ఫారం కాదు, వాళ్ళ సొంత కాగితం, డిపాజిట్ ఎప్పుడు వెనక్కి రాదో ఆ పేజీ మొత్తం చదవండి
- ఇల్లు కొత్తదైనా సొంత ఇన్‌స్పెక్టర్ తప్పనిసరి: కాంక్రీట్ పోసేముందు ఒకసారి, షీట్రాక్ (లోపలి గోడల బోర్డు) వేసేముందు ఒకసారి, చివర్లో ఒకసారి

6. రీసేల్‌కి ఆఫర్ ధర ఎలా తేల్చాలి

టెక్సస్‌లో అమ్మిన ధర పబ్లిక్ రికార్డుల్లో ఉండదు. ఆన్‌లైన్ సైట్లు చూపించే అంచనాలు ఎక్కువగా అడిగిన ధరల మీద, ఊహల మీద కట్టినవి. కాబట్టి గత 90 రోజుల్లో అదే సబ్‌డివిజన్‌లో నిజంగా క్లోజ్ అయిన ధరలు ఎంఎల్ఎస్ (ఏజెంట్లు వాడే లిస్టింగుల డేటాబేస్) నుంచి మీ ఏజెంట్‌ని అడిగి తీసుకోండి. పడుతున్న మార్కెట్‌లో ఆర్నెల్ల కిందటి ధర పాత ధర. అమ్మేవాడు ఎంత క్రెడిట్ ఇచ్చాడో కూడా అడగండి, 5,00,000కి అమ్మి 15,000 క్రెడిట్ ఇస్తే అది 4,85,000 ఇల్లు.

ఇల్లు మార్కెట్‌లో ఎన్ని రోజుల నుంచి ఉందో చూసేటప్పుడు మొత్తం రోజులు అడగండి. లిస్టింగ్ తీసేసి మళ్ళీ పెడితే రోజులు కొత్తగా కనిపిస్తాయి. ఓనరు ఎప్పుడు కొన్నాడో కౌంటీ రికార్డుల్లో దొరుకుతుంది. 2022లో కొన్నవాడు దిగిరావడం కష్టం, బ్యాంకుకి తీర్చాల్సిందే ఎక్కువ ఉండొచ్చు. 2012లో కొన్నవాడికి దిగడానికి చోటుంది. ఇప్పటికే వేరే ఇల్లు కొనుక్కుని ఖాళీ చేసి వెళ్ళినవాడైతే ఇంకా మంచిది.

ఆఫర్ తక్కువ వేస్తే అవమానం అనుకుంటారని మనవాళ్ళకి సంకోచం. పక్కన మూడు క్లోజింగుల కాగితం పెట్టి మర్యాదగా వేస్తే అవమానం ఏం కాదు. కాదంటే ఊరుకోండి, మూడు వారాలయ్యాక మళ్ళీ అడగండి.

7. కాంట్రాక్ట్, ఆప్షన్ పీరియడ్, ఇన్‌స్పెక్షన్

రీసేల్ ఇంటికి టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వాళ్ళ స్టాండర్డ్ కాంట్రాక్ట్ వాడతారు. దాంట్లో మీకున్న పెద్ద రక్షణ ఆప్షన్ పీరియడ్. కొద్దిపాటి ఆప్షన్ ఫీజు కట్టి, ఒప్పుకున్న రోజుల్లోపు ఏ కారణం లేకుండా కూడా బయటికి రావచ్చు, ఎర్నెస్ట్ మనీ (కాంట్రాక్ట్ మీద కట్టే డిపాజిట్) వెనక్కొస్తుంది. ఇప్పుడున్న మార్కెట్‌లో 10 రోజులు అడగండి. చివరి రోజు సాయంత్రం 5 గంటలకి అయిపోతుంది, రాత్రి పన్నెండు దాకా కాదు. ఆప్షన్ ఫీజు, ఎర్నెస్ట్ మనీ రెండూ మూడు రోజుల్లో టైటిల్ కంపెనీకి (హక్కు కాగితాలు చూసి క్లోజింగ్ జరిపించేవాళ్ళు) చేరాలి.

ఇన్‌స్పెక్టర్‌ని సంతకం రోజే బుక్ చెయ్యండి. ఇక్కడ ప్రత్యేకంగా చూడాల్సినవి రెండున్నాయి, ఫౌండేషన్, రూఫు.

ఈ నేల నల్లరేగడి మట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి పగుళ్ళిస్తుంది, మన గుంటూరు, కర్నూలు పొలాలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. దాని మీద కట్టిన స్లాబ్ కూడా కదులుతుంది. తలుపు మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు, తలుపులు పట్టేయడం, ఇటుకల మధ్య మెట్లు మెట్లుగా చీలిక, ఇవి కనిపిస్తే ఇన్‌స్పెక్టర్ మాటతో ఆగకుండా స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి. ఫౌండేషన్ రిపేర్ కంపెనీ ఉచితంగా చూస్తామంటే, వాళ్ళు అమ్మేది రిపేరే అని గుర్తుపెట్టుకోండి. ఇదివరకే రిపేరైతే వారంటీ కొత్త ఓనరుకి మారుతుందా అన్నది కాగితం మీద కావాలి.

ఇన్‌స్పెక్షన్ తర్వాత అడిగేటప్పుడు పొడుగు జాబితా వద్దు. ఏసీ, రూఫు, ఫౌండేషన్, ప్లంబింగ్, కరెంటు, ఈ పెద్దవాటికే పరిమితం అవ్వండి. రిపేర్ చేయించమనడం కంటే క్రెడిట్‌గానో ధర తగ్గింపుగానో తీసుకోండి, వెళ్ళిపోయేవాడు చేయించే రిపేరు ఎలా ఉంటుందో తెలిసిందే కదా.

8. ఇన్సూరెన్స్: ఆప్షన్ పీరియడ్‌లోపే

చాలామంది క్లోజింగ్‌కి వారం ముందు ఇన్సూరెన్స్ చూస్తారు, అప్పటికి ఆప్షన్ అయిపోయి ఉంటుంది. ఉత్తర టెక్సస్‌లో వడగళ్ళ వల్ల ప్రీమియంలు బాగా పెరిగాయి, రూఫు పాతదైతే కొన్ని కంపెనీలు కోటే ఇవ్వవు. కోట్ తీసుకునేటప్పుడు మూడు అడగండి:

- గాలి, వడగళ్ళ డిడక్టిబుల్ ఎంత శాతం (4,50,000 కవరేజీకి 2 శాతం అంటే 9,000 మీ జేబులోంచి)
- రూఫుకి పూర్తి రీప్లేస్‌మెంట్ ఇస్తారా, తరుగు తీసేసి ఇస్తారా
- పాత క్లెయింలు ఉన్నాయా, ఓనరు దగ్గర క్లూ రిపోర్ట్ (ఆ ఇంటి క్లెయింల చరిత్ర) అడగండి

9. అప్రైజల్ నుంచి క్లోజింగ్ దాకా

అప్రైజల్ కాంట్రాక్ట్ ధరకంటే తక్కువ వస్తే బాధపడకండి, బేరం మళ్ళీ తెరవడానికి అదే మంచి అవకాశం. కాకపోతే 20 శాతం, 30 శాతం డౌన్ పెట్టేవాళ్ళకి ఒక చిక్కుంది: అప్రైజల్ తగ్గినా లెండర్ లోన్ ఇచ్చేస్తానంటే మామూలు ఫైనాన్సింగ్ అడెండం (కాంట్రాక్ట్‌కి జతచేసే లోన్ షరతుల కాగితం) మిమ్మల్ని కాపాడదు. లెండర్ అప్రైజల్ తక్కువొస్తే రద్దు చేసుకునే విడి అడెండం ఒకటుంది, ఆఫర్‌తో పాటే పెట్టించండి.

ఫైనాన్సింగ్ అడెండంలో లోన్ అప్రూవల్‌కి ఇన్ని రోజులు అని ఉంటుంది. అవి దాటాక ఉద్యోగం పోయి లోన్ రాకపోతే ఎర్నెస్ట్ మనీ పోయే ప్రమాదం ఉంది. ఆ తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి, ఫైనల్ అప్రూవల్ రాకపోతే తేదీలోపే పొడిగింపు అడగండి.

క్లోజింగ్‌కి మూడు పనిదినాల ముందు క్లోజింగ్ డిస్‌క్లోజర్ వస్తుంది, లోన్ ఎస్టిమేట్ పక్కన పెట్టి ఒక్కో లైను చూడండి. టైటిల్ ఇన్సూరెన్స్ ప్రీమియం టెక్సస్‌లో ప్రభుత్వం నిర్ణయించిందే, ఏ కంపెనీ అయినా ఒకటే, ఓనర్స్ పాలసీ అమ్మేవాడినే కట్టమనండి. డబ్బు వైర్ చేసేముందు ఈమెయిల్‌లో వచ్చిన నంబర్‌కి కాకుండా మీరు సొంతంగా వెతికి పట్టుకున్న టైటిల్ కంపెనీ నంబర్‌కి ఫోన్ చేసి ఖాతా వివరాలు సరిచూడండి. ఈ ఒక్క ఫోన్ చెయ్యక డౌన్ పేమెంట్ మొత్తం దొంగల పాలైనవాళ్ళున్నారు.

10. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసే దారి

*కొత్త ఇంటికి మొదటి ఏడాది టాక్స్ చూసి మురిసిపోవడం.* టాక్స్ విలువ జనవరి 1న ఉన్నదాన్ని బట్టి. ఆరోజు ఖాళీ ప్లాటే ఉంటే ప్లాటుకే టాక్స్. రెండో ఏడాది ఇల్లు మొత్తానికి పడుతుంది, ఎస్క్రో (టాక్స్, ఇన్సూరెన్స్ కోసం లెండర్ నెలనెలా పక్కనపెట్టే డబ్బు) చాలక నెల పేమెంట్ ఒక్కసారిగా వందల డాలర్లు పెరుగుతుంది. క్లోజింగ్‌కి ముందే పూర్తి ఇంటి విలువ మీద ఎస్క్రో కట్టమని లెండర్‌ని అడగండి, కుదరకపోతే ఆ తేడా నెలనెలా విడి ఖాతాలో వేస్కోండి.

*హోంస్టెడ్ అప్లై చెయ్యడం మర్చిపోవడం.* హోంస్టెడ్ అంటే సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే టాక్స్ మినహాయింపు. 2025 నవంబర్ ఓటింగ్ తర్వాత స్కూల్ టాక్స్‌కి విలువలో 1,40,000 డాలర్లు మినహాయింపు. స్కూల్ రేటు 1.05 శాతం అనుకుంటే ఏడాదికి 1,470 మిగులు. వీసా మీద ఉన్నా వస్తుంది. డ్రైవింగ్ లైసెన్సులో అడ్రస్ మార్చుకుని మెకిన్నీలో ఉన్న కాలిన్ సెంట్రల్ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి ఆన్‌లైన్‌లో పంపండి, ఫీజు లేదు. డబ్బులిస్తే చేసిపెడతాం అని పోస్టులో వచ్చే ఉత్తరాలు చించెయ్యండి.

*మొదటి ఏడాది ప్రొటెస్ట్ వదిలెయ్యడం.* ప్రొటెస్ట్ అంటే అప్రైజల్ డిస్ట్రిక్ట్ వేసిన ఇంటి విలువ ఎక్కువని అభ్యంతరం పెట్టడం. హోంస్టెడ్ ఉంటే టాక్స్ లెక్కేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగదు, కానీ ఆ క్యాప్ ఎగ్జెంప్షన్ వచ్చిన తర్వాతి ఏడాది నుంచే. కాబట్టి మొదటి విలువ ఎంత తక్కువకి తేలితే తర్వాతి ఏళ్ళన్నీ అంత మేలు. గడువు మే 15, లేదా నోటీసు పోస్ట్ చేసిన 30 రోజులు, ఏది తర్వాతైతే అది. మీరు కొన్న ధర వాళ్ళు వేసిన విలువకంటే తక్కువైతే క్లోజింగ్ స్టేట్‌మెంటే మీ సాక్ష్యం, తీసుకెళ్ళి చూపించండి. కొన్న ధర ఎంత అని అడుగుతూ వచ్చే ఫారం మాత్రం నింపాల్సిన బాధ్యత మీకు లేదు.

*ఫౌండేషన్‌కి నీళ్ళు పెట్టకపోవడం.* ఎండాకాలం గోడ చుట్టూ అడుగున్నర దూరంలో సోకర్ హోస్ (పొడవునా నీళ్ళు ఊరే గొట్టం) వేసి నేల సమానంగా తడిగా ఉంచండి, సిటీ నీళ్ళ ఆంక్షలు చూస్కుని.

*వారంటీ అయిపోయాక లోపాలు చూడటం.* కొత్త ఇంటికి పనితనం వారంటీ ఎక్కువగా ఏడాదే. పదకొండో నెలలో మళ్ళీ ఇన్‌స్పెక్టర్‌ని పిలిచి, రిపోర్ట్ మొత్తం ఫోటోలతో సహా బిల్డర్ పోర్టల్‌లోనూ ఈమెయిల్‌లోనూ రెండు చోట్లా పెట్టండి, నోటిమాటగా సూపర్‌వైజర్‌కి చెప్పి ఊరుకోవద్దు.